ముప్పై పడకల వార్డు, తొమ్మిది మంది సిస్టర్లు: ప్రైమరీ నర్సింగ్ నడిపే లెక్క

మన సీమ జిల్లాల్లో ఏ పెద్ద మెడికల్ వార్డులోనైనా ఒక మంచం దగ్గర నిలబడి, "ఈయన్ను ఎవరు చూస్తాండారు?" అని పేషెంటు వాళ్ల మనిషిని అడగండి. యూనిట్ చీఫ్ పేరు టక్కున చెప్తారు. "సిస్టర్లలో ఎవరు?" అంటే మాత్రం, "వస్తాంటారు, పోతాంటారు సార్, ఒక్కరని యాడ చెప్పేది" అంటారు. ఇందులో అబద్ధమేమీ లేదు. ఒక సిస్టర్ ఇంజక్షన్లు వేసి పోయింది, ఇంకొకరు బీపీ చూశారు, నర్సింగ్ స్టూడెంట్ టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస) చార్టులో జ్వరం 102 అని రాసింది, డ్రెస్సింగ్ ట్రాలీతో మరొకరు వచ్చారు. అందరూ తమ పని తాము చేశారు. పొద్దుట్నుంచి ఆయనకు మూత్రం రాలేదన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే అది ఎవరి పనిలోనూ లేదు.

ఇలా పనిని బట్టి మనుషుల్ని పంచే పద్ధతిని ఫంక్షనల్ నర్సింగ్ అంటారు. దీన్ని తిట్టిపోయడం సులువు గానీ, అది ఊరికే పుట్టలేదు. ముప్పై మంచాలకు నలభై మంది, మంచాల మధ్య పరుపులేసి ఇంకొందరు, డ్యూటీలో ఇద్దరు సిస్టర్లు అన్నప్పుడు ఎనిమిది గంటల యాంటీబయాటిక్ పది గంటల్లోపు అందరికీ పడాలంటే ఒకరు ట్రే పట్టుకుని వరసగా పోవడమే దారి. పని వేగంగా అయిపోతుంది, కొత్తగా చేరిన సిస్టర్ కూడా రెండు రోజుల్లో అందుకుంటుంది. చిక్కల్లా ఒక్కటే. పని పూర్తయిందని రిజిస్టర్ చెప్తుంది, మనిషి ఎలా ఉన్నాడో చెప్పే వాళ్లుండరు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో నర్సుల కొరత వచ్చినప్పుడు టీమ్ నర్సింగ్ వచ్చింది. ఒక రిజిస్టర్డ్ నర్సు నాయకత్వంలో సహాయకులు కొందరు, వాళ్లకు కొంతమంది రోగులు. 1963లో న్యూయార్క్ బ్రాంక్స్‌లోని లోబ్ సెంటర్‌లో లిడియా హాల్ దానికి ఎదురు నడిచి, రోగి దగ్గర అర్హత ఉన్న నర్సే ఉండాలని పట్టుబట్టింది. 1969లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో, స్టేషన్ 32 అనే వార్డులో మేరీ మాంతీ, ఆమె సహచరులు మొదలుపెట్టిన పద్ధతికే ప్రైమరీ నర్సింగ్ అని పేరు స్థిరపడింది.

దాని ఎముకలు నాలుగు. ఒక రోగి నర్సింగ్ నిర్ణయాల బాధ్యత ఒక్క నర్సుకు అప్పగించాలి, ఆమె దాన్ని ఒప్పుకోవాలి. రోజువారీ పని కూడా పనుల వారీగా గాక మనుషుల వారీగా పంచాలి. సమాచారం మూడో మనిషి ద్వారా పోకుండా, చూసే నర్సు నుంచి చూడబోయే నర్సుకు, నర్సు నుంచి డాక్టరుకు నేరుగా పోవాలి. ఆ రోగికి చేర్చుకున్నప్పట్నుంచి ఇంటికి పంపేదాకా ఇరవై నాలుగు గంటలూ అందే సేవ ఎలా ఉందన్నదానికి ఆ ఒక్క నర్సే జవాబుదారీ. ఆమె డ్యూటీలో లేనప్పుడు చూసే వాళ్లు అసోసియేట్ నర్సులు. వాళ్లు ఆమె రాసిపెట్టిన ప్లాన్ ప్రకారం నడుస్తారు. రోగి పరిస్థితి మారితే ప్లాన్ మార్చొచ్చు, కానీ ఎందుకు మార్చారో రాయాలి.

ఐసీయూలో ఒక సిస్టర్‌కు ఒక పేషెంటు ఉంటారు కదా, అదే ఇది అనుకునే వాళ్లు చాలామంది. కాదు. అక్కడ ఆరు గంటల డ్యూటీకి ఆ మంచం ఆమెది. రెండింటికి ఆమె పోతే ఆ మంచం ఇంకొకరిది, మర్నాడు ఆమెకు వేరే మంచం. షిఫ్టు వరకే బాధ్యత, మొత్తం చికిత్స కాలానికి ఎవరూ లేరు. ఇంకో పొరపాటు, మంచం తలవైపు బోర్డు మీద సిస్టర్ పేరు రాసి ప్రైమరీ నర్సింగ్ పెట్టేశాం అనుకోవడం. 1991లో బ్రిటన్ పేషెంట్స్ చార్టర్ ప్రతి రోగికీ పేరున్న నర్సు ఉండాలని చెప్పింది. చాలాచోట్ల అది బోర్డు మీది పేరుగానే మిగిలిందన్న విమర్శ అప్పుడే వచ్చింది. పేరు రాయడానికి చాక్‌పీసు చాలు, డ్యూటీ చార్టు మార్చడమే కష్టం.

ఇక చార్టు సంగతి. వారానికి 168 గంటలు. ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, రాత్రి పన్నెండు గంటలు, ఇదీ మన దగ్గర ఎక్కువగా నడిచే వరస. ముప్పై పడకల వార్డుకు హెడ్ నర్సు గాక తొమ్మిది మంది స్టాఫ్ నర్సులు ఉన్నారనుకుందాం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జనరల్ వార్డులకు చెప్పే నిష్పత్తి బోధనాసుపత్రిలో 1:3, మామూలు ఆసుపత్రిలో 1:5, దానిమీద లీవులకు 30 శాతం అదనం. ఈ తొమ్మిది మంది ఆ లెక్కకు ఎక్కడా ఆనరు. అయినా చాలా వార్డుల కంటే ఇది మేలే, కాబట్టి దీంతోనే చూద్దాం.

పొద్దున ముగ్గురు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఇద్దరు. రోజుకు ఏడు డ్యూటీలు, వారానికి 49. తొమ్మిది మందికి తలా ఒక వీక్లీ ఆఫ్ అంటే 9. వారానికి 14 నైట్లు, మూడు నైట్లకు ఒక నైట్ ఆఫ్ అనుకుంటే దాదాపు 5. మొత్తం 63. తొమ్మిది మంది, ఏడు రోజులు, అదీ 63. అంటే ఒక్కరు క్యాజువల్ లీవు పెట్టినా పొద్దున ముగ్గురు ఇద్దరవుతారు. ఇంకొకటి చూడండి. రోజుకు 54 గంటల డ్యూటీ, వారానికి 378 గంటలు, మనిషికి సగటున 42. అది 168లో సరిగ్గా నాలుగో వంతు. ప్రైమరీ నర్సు తన పేషెంటు దగ్గర వారంలో నాలుగో వంతు కూడా ఉండలేదు, ఎందుకంటే ఆ గంటల్లో వేరే వాళ్లనూ చూడాలి. మిగతా మూడు వంతులూ నడిపేది ఆమె రాసిన కాగితమే. అందుకే ఈ పద్ధతిలో చేతి నైపుణ్యం కంటే చేతిరాత ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం.

తొమ్మిది మందిని ముగ్గురేసి మూడు గుంపులు చేయాలి. గుంపుకు పది మంది పేషెంట్లు. గుంపులో ఒకరికి ఒకరు అసోసియేట్లు. చార్టు వేసేటప్పుడు పాటించాల్సిన నియమం ఇది: ఏ రోజైనా పొద్దున డ్యూటీలో ప్రతి గుంపు నుంచి ఒకరు ఉండాలి. రౌండ్స్ అప్పుడే కాబట్టి. ఒకే గుంపులో ఇద్దరికి ఒకే రోజు ఆఫ్ ఇవ్వకూడదు. మధ్యాహ్నం, రాత్రి ఇద్దరే ఉంటారు కాబట్టి మూడు గుంపుల్లో ఒకటి ఎప్పుడూ అనాథే. దాన్ని ఆ పూటకు ఎవరికి తోస్తే వాళ్లు చూసుకుంటారని వదిలేస్తే సాయంత్రం ఆరు గంటల మందు రెండుసార్లు పడొచ్చు, అసలు పడకనూ పోవచ్చు. హెడ్ నర్సు చార్టులోనే రాయాలి, సోమవారం మధ్యాహ్నం మూడో గుంపులో మొదటి ఐదుగురు ఈమెకు, తక్కిన ఐదుగురు ఆమెకు అని.

నైట్లు వారం రోజులు ఒకే వరసన వేయడం మన దగ్గర అలవాటు. సిస్టర్లకూ అదే ఇష్టం, తర్వాత ఆఫ్‌లు కలిసొస్తాయి, ఊరికి పోయి రావచ్చు. ప్రైమరీ నర్సింగ్‌కు మాత్రం అది గొడ్డలిపెట్టు. వారం రోజులు ఆమె రౌండ్స్‌లో ఉండదు, డాక్టర్‌తో మాట పడదు, తిరిగొచ్చేసరికి పేషెంటు డిశ్చార్జ్ అయ్యుంటాడు. రెండు మూడు నైట్ల చొప్పున విడగొట్టి వేస్తే నయం. ఒప్పించడం కష్టమే. బస్సు టికెట్టు లెక్క ముందు థియరీ నిలబడదు. రాజీగా ఒక నియమం పెట్టుకోవచ్చు: నైట్ల వరసకు, లేదా మూడు రోజులు మించిన లీవుకు, రెండు రోజుల ముందు నుంచి ఆ సిస్టర్‌కు కొత్త ప్రైమరీ పేషెంటును ఇవ్వకూడదు.

ముప్పై మందికీ ప్రైమరీ నర్సు ఉండాలా? పుస్తకం ఉండాలంటుంది. తొమ్మిది మందితో నడిపేటప్పుడు అందరికీ పెట్టబోతే ఎవరికీ పెట్టనట్టే అవుతుంది. ఒక్క రోజు సెలైన్ పెట్టుకుని పోయే వాంతులు విరేచనాల కేసుకు, 48 గంటల్లోపు పోయే వాళ్లకు మామూలు షిఫ్టు కేటాయింపు సరిపోతుంది. ఐదు రోజులకు మించి ఉండేలా కనిపించి, మందుకంటే నర్సింగ్ మీద ఎక్కువ ఆధారపడే వాళ్లను తీసుకోండి. పక్షవాతం, కొత్తగా ఇన్సులిన్ మొదలైన షుగరు, కాలి పుండ్లు, పురుగుల మందు తాగినవాళ్లు, గుండె జబ్బుతో ఒంటికి నీరు పట్టి మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు, డయాలసిస్ మొదలవుతున్న కిడ్నీ కేసులు. వార్డులో ఇలాంటి వాళ్లు పన్నెండు నుంచి పదిహేను మంది తేలతారు. మనిషికి ఒకరో ఇద్దరో. ఇది మోయగలిగిన బరువు. మాంతీ కూడా ఇది సిబ్బంది సంఖ్య గురించిన పద్ధతి కాదు, బాధ్యత గురించిన పద్ధతి అనే చెప్పుకొచ్చింది. అందరూ రిజిస్టర్డ్ నర్సులే ఉంటే గానీ కుదరదనడం తర్వాతి వాళ్లు దానికి తగిలించిన మాట.

కేటాయింపు పేషెంటుకు చేయాలి, మంచానికి చేయకూడదు. చిన్న మాటలా ఉంటుంది గానీ సగం వార్డుల్లో పద్ధతి ఇక్కడే చస్తుంది. మన వార్డుల్లో మనిషి ఒకే మంచం మీద ఉండడు. క్యాజువాలిటీ నుంచి వచ్చి నేల పరుపు మీద చేరతాడు, రాత్రి ఎవరో డిశ్చార్జ్ అయితే పన్నెండో మంచానికి, ఆక్సిజన్ పాయింటు కావాల్సొస్తే నాలుగో మంచానికి పోతాడు. మంచం నంబర్ల ప్రకారం పంచితే మూడు రోజుల్లో మూడు గుంపులూ తిరిగొస్తాడు. ఐపీ నంబరు (చేరినప్పుడు పేషెంటుకు ఇచ్చే నంబరు) పక్కన సిస్టర్ పేరు రాస్తే ఆ పేరు ఆయన వెంటే పోతుంది. అప్పుడు గుంపులో పది అనే లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది, కానివ్వండి.

చేరిన పూట డ్యూటీలో ఎవరుంటే వాళ్లే మొదటి పరిశీలన రాయాలి. ప్రైమరీ నర్సు ఎవరన్నది 24 గంటల్లోపు హెడ్ నర్సు తేల్చాలి. వంతుల ప్రకారం కాకుండా ఎవరికి ఏది బాగా వచ్చో చూసి ఇవ్వాలి. భాష కూడా చూడాలి. కర్నూలు వార్డులోకి ఆదోని, ఆలూరు వైపు నుంచి కన్నడం మాట్లాడేవాళ్లు వస్తారు, ఊళ్లోని పాతబస్తీ నుంచి ఉర్దూ మాట్లాడేవాళ్లు వస్తారు, తుంగభద్ర దాటి గద్వాల, అలంపురం నుంచీ వస్తారు. ఇన్సులిన్ వేసుకోవడం నేర్పాల్సిన ముసలామెకు కన్నడం తప్ప రాకపోతే, కన్నడం వచ్చిన సిస్టరే ఆమెకు ప్రైమరీ. పరిచయం చేసుకోవడానికి ఒక నిమిషం చాలు: "అమ్మా, మీరు ఇంటికి పోయేదాకా మీ బాగోగులు నా మీద ఉంటాయి. నేను లేనప్పుడు ఈ సిస్టర్ చూస్తుంది. ఏముండినా మా ఇద్దరికే చెప్పండి." ఇంటి మనిషి ముందు చెప్పాలి, ఎందుకంటే వినేదీ గుర్తుపెట్టుకునేదీ ఆ మనిషే.

కేర్ ప్లాన్ అనగానే నర్సింగ్ కాలేజీలో రాసిన మూడు పేజీల పట్టిక గుర్తొచ్చి అందరికీ నీరసం వస్తుంది. డయాగ్నసిస్, గోల్, ఇంటర్వెన్షన్, రేషనేల్, ఎవాల్యుయేషన్ గడులన్నీ నింపిన ఆ కాగితం పరీక్షకు పనికొస్తుంది, ఇన్‌స్పెక్షన్‌కు పనికొస్తుంది. రాత్రి రెండింటికి టార్చి వెలుగులో చదివే అసోసియేట్ నర్సుకు పనికిరాదు. ఆమెకు కావాల్సింది ఒక్క పేజీ. ఈ మనిషికి ఇప్పుడున్న పెద్ద ముప్పు ఏది, ప్రతి షిఫ్టులో ఏం చూడాలి, ఏ అంకె దగ్గర డాక్టరును పిలవాలి, ఇంట్లో ఎవరున్నారు, పోయేలోపు ఏం నేర్పాలి. ఈ కాగితం కేస్ షీట్లో పెట్టొద్దు. కేస్ షీట్ రౌండ్స్‌కు పోతుంది, స్కానింగ్‌కు పోతుంది, ఆరోగ్యశ్రీ కౌంటరుకు పోతుంది. ప్లాన్ మంచం కాళ్లవైపు క్లిప్ బోర్డుకు ఉండాలి. ఇంటి సంగతుల్లాంటి గుట్టు విషయాలు మాత్రం కాగితం వెనకవైపు.

ఉదాహరణకు ఆర్గానోఫాస్ఫేట్ పురుగుల మందు తాగి, మొదటి రోజు గండం గడిచి, రెండో రోజు వార్డులో అట్రోపిన్ అనే విరుగుడు మందు మీద ఉన్న మనిషి ప్లాన్ ఇలా ఉంటే చాలు.

పెద్ద ముప్పు: తాగిన 24 నుంచి 96 గంటల మధ్య మెడ, ఊపిరి కండరాలు పడిపోవచ్చు.
ప్రతి షిఫ్టు మొదట్లో, ఆపైన రెండు గంటలకోసారి: దిండు మీంచి తల ఎత్తి 5 సెకన్లు నిలపమని అడగాలి. శ్వాస నిండు నిమిషం లెక్కపెట్టాలి.
గంటకోసారి: నాడి, చంకలో చెమట, ఛాతీలో గురగుర, కంటిపాప సైజు.
వెంటనే పిలవాలి: తల ఎత్తలేకపోతే, శ్వాస 30 దాటితే, ఆక్సిజన్ 92 కంటే తగ్గితే, నాడి 80 కంటే పడి ఛాతీలో గురగుర మళ్లీ మొదలైతే.
ఇవి కనిపించినా పిలవాలి: జ్వరం, కలవరింత, మూత్రం ఆగిపోవడం, కడుపు ఉబ్బడం, నాడి బాగా పెరగడం. అట్రోపిన్ ఎక్కువైందేమో డాక్టర్ చూడాలి.
ఒంటరిగా వదలకూడదు. డిశ్చార్జ్‌కు ముందు సైకియాట్రీ వాళ్లు చూడాలి.

అంకెలు యూనిట్ డాక్టరుతో కూర్చుని ముందే ఒప్పందం చేసుకోవాలి, ఎవరికి వాళ్లు రాసుకోకూడదు. ఈ కేసును ఎంచుకున్నది ఎందుకంటే, తల ఎత్తలేకపోవడం అనేది ఒక్కసారి చూస్తే తెలీదు. నిన్న ఎత్తినవాడు ఇవాళ సగమే ఎత్తాడని చెప్పాలంటే నిన్న చూసినవాళ్లు ఉండాలి, లేదా నిన్నటిది రాసి ఉండాలి. ఇంజక్షన్ సిస్టర్, బీపీ సిస్టర్, టీపీఆర్ స్టూడెంటు విడివిడిగా పోయే వార్డులో మనిషి మాట్లాడుతున్నాడు, బీపీ బాగుంది, జ్వరం లేదు అనే రాస్తారు, శ్వాస ఆడక నీలంగా మారేదాకా. చివరి వరుస సంగతి కూడా అంతే. మందు తాగినవాడు పూటకొకరుగా మారే ఆరుగురు సిస్టర్లకు ఏమీ చెప్పడు. మూడో రోజు, రోజూ వచ్చే సిస్టర్‌కు అప్పుల సంగతి చెప్తాడేమో.

పక్షవాతం కేసులో ముప్పు వేరు: పడక పుండు, ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోవడం. బ్రేడెన్ స్కేలు 6 నుంచి 23 వరకు ఉంటుంది, 18, అంతకంటే తక్కువ వస్తే పుండు ముప్పు ఉన్నట్టు. చేరిన రోజు ఒకసారి, పరిస్థితి మారినప్పుడల్లా మళ్లీ లెక్కించాలి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి అని రాస్తే ఎవరూ తిప్పరు. 8 ఎడమ, 10 వెల్లకిలా, 12 కుడి అని గంటలతో రాసి, తిప్పినవాళ్లు సంతకం పెట్టే గడి ఉండాలి. రాత్రి తిప్పడానికి ఒక్క సిస్టర్ చాలదు, ఎంఎన్‌ఓను (వార్డులో సాయం చేసే మగ ఆర్డర్లీని) పిలవాలా, ఇంటి మనిషికి నేర్పాలా అనేది ప్రైమరీ నర్సు ముందే తేల్చి రాయాలి. దుప్పటి పట్టి ఎత్తి తిప్పాలి, ఈడిస్తే తుంటి దగ్గర తోలు లేచిపోతుంది.

ముక్కులోంచి కడుపులోకి వేసి తిండి పోసే రైల్స్ ట్యూబు దగ్గర మన వాళ్ల ప్రాణం రాగి జావ. తప్పేం లేదు, బలమే. కానీ సంగటి తినే చేతులు కలిపిన జావ చిక్కగా ఉంటుంది, వడకట్టకపోతే ట్యూబు మూసుకుపోతుంది. పలచగా చేసి, గుడ్డలో వడకట్టి, ఒక్కసారికి 200 మిల్లీలీటర్లు మించకుండా, ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల నీళ్లు. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తు, పోశాక కూడా కనీసం అరగంట అలాగే. మంచానికి లివరు పని చేయకపోతే ఇటుకలు పెట్టో, వీపు కింద పరుపు మడిచిపెట్టో ఎత్తండి. చిక్కేంటంటే అటెండెంటు మారుతుంటాడు. సోమవారం కొడుకు, బుధవారం కోడలు, శుక్రవారం ఊరి నుంచి తమ్ముడు. కొడుక్కి నేర్పింది తమ్ముడికి తెలీదు, వాడు పడుకోబెట్టే పోసేస్తాడు. ప్లాన్‌లో ఎవరికి ఏ తేదీన నేర్పామో రాయడం అందుకే. కొత్త మనిషి కనిపిస్తే అసోసియేట్ నర్సు మళ్లీ నేర్పి, పేరు రాయాలి.

ఇన్సులిన్ నేర్పడం డిశ్చార్జ్ కాగితం చేతికొచ్చాక మొదలుపెడితే అయిపోయినట్టే. రెండో రోజు నుంచి మొదలుకావాలి: ఒకరోజు చూపించడం, ఒకరోజు మన చెయ్యి పట్టుకుని వేయించడం, ఆపైన రోజూ వాళ్లే వేసుకోవడం, మనం చూడటం. మన దగ్గర సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. బయట మెడికల్ షాపులో నారింజ మూత సిరంజి, అంటే 100 యూనిట్ల లెక్కది, ఇచ్చారనుకోండి. 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మిల్లీలీటర్లు, 40 సీసాలోంచి అది 8 యూనిట్లే. షుగరు తగ్గట్లేదని మళ్లీ వార్డుకొస్తారు. తిరగేసి, పెన్ను కార్ట్రిడ్జిలోని 100 ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే అది 50 యూనిట్లు. ఇది ప్రాణం తీసే తప్పు. ఏ సీసా, ఏ సిరంజి వాడుతున్నారో ఖాళీ డబ్బాలు చేతిలో పెట్టి పంపాలి. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. ఫ్రిజ్ లేని ఇంటికి కొత్త మట్టికుండ, తడి ఇసుక, అందులో చిన్న గిన్నెలో సీసా, నీడన. వాడటం మొదలుపెట్టిన తేదీ సీసా మీద రాసి, నాలుగు వారాలు దాటాక పారేయమనాలి. ఈ మాటలన్నీ ఒకే నోటి నుంచి వరసగా వస్తేనే బుర్రకెక్కుతాయి. ఐదుగురు ఐదు రకాలుగా చెప్తే పేషెంటు ఆరో రకం పట్టుకుపోతాడు.

డ్యూటీ అప్పగింత మంచం పక్కన జరగాలి. టేబుల్ దగ్గర రిజిస్టర్ చదివి సంతకం పెట్టుకునే పద్ధతిలో ప్రైమరీ నర్సింగ్ ఉండదు. ముప్పై మందికీ పూర్తిగా చెప్పే టైము లేదు కాబట్టి, ప్రైమరీ పేషెంట్లకు మనిషికి నిమిషంన్నర, తక్కిన వాళ్లకు అరనిమిషం పెట్టుకుంటే ఇరవై ఐదు ముప్పై నిమిషాల్లో అయిపోతుంది. చెప్పే వరస ఎప్పుడూ ఒక్కటే ఉండాలి: ఎవరు, ఎందుకు చేరారు, ఈ పూట ఏం మారింది, వచ్చే పూట ఏం చూడాలి. చెప్తూనే కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) చోటు చూడాలి, యూరిన్ బ్యాగు చూడాలి, వీపు చూడాలి. ఎనిమిదికి పోవాల్సిన నైట్ సిస్టర్‌కు ఏడున్నర బస్సు ఉందంటే అప్పగింత ఏడింటికే టేబుల్ మీద అయిపోతుంది, ఇది అన్నిచోట్లా ఉన్నదే. హెడ్ నర్సు గట్టిగా నిలబడాల్సిన చోటు ఇది.

ప్రైమరీ నర్సుకు అధికారం ఎంతవరకు అన్నది ముందే కాగితం మీద ఉండాలి. మందు మార్చే హక్కు లేదు, అందులో తగాదా లేదు. తిప్పే గంటలు, తినిపించే పద్ధతి, నడిపించడం ఎప్పుడు మొదలుపెట్టాలి, ఇంటి మనిషి రాత్రి లోపల ఉండాలా, నేర్పాల్సినవి, డ్రెస్సింగ్ వేళ, ఇవన్నీ ఆమె నిర్ణయాలు. మూత్రం ట్యూబు ఇంకా అవసరమా అని రోజూ రౌండ్స్‌లో అడగడం ఆమె పని. అడిగినందుకు కసురుకోకుండా ఉండటం డాక్టర్ల పని. యూనిట్ చీఫ్ ఒప్పుకోకుండా ఈ పద్ధతి మొదలుపెట్టకండి. ఆయన రౌండ్స్‌లో "ఈ పేషెంటు ప్రైమరీ ఎవరు?" అని రోజూ అడిగితే పీజీలు, హౌస్ సర్జన్లు వారంలో అలవాటు పడతారు. అడగకపోతే వాళ్లు ఎదురుపడ్డ సిస్టర్‌కు ఆర్డరు చెప్పి పోతారు, ఆమె ఇంకొకరికి చెప్తుంది, రాత్రికి ఆ ఆర్డరు గాల్లో ఉంటుంది.

చెడిపోయే దారులు ఇంకొన్ని ఉన్నాయి. మొదటిది, "నా పేషెంటు కాదు". పక్క మంచం సెలైన్ అయిపోయి రక్తం వెనక్కి ఎక్కుతున్నా చూస్తూ పోవడం. బాధ్యత ఒకరిదంటే చేయి వేయడం తక్కిన వాళ్లకు నిషేధమని కాదు. పిలుపుకు దగ్గరున్నవాళ్లే పోవాలి, ఆ తర్వాత ప్రైమరీకి చెప్పాలి. రెండోది, న్యాయం పేరుతో హెడ్ నర్సు రోజూ పేషెంట్లను మార్చి పంచడం. బరువైన కేసు ఒకరికే పడిందని అలిగే మాట నిజమే కావచ్చు. దానికి మందు వచ్చే కొత్త కేసు తేలికైనది ఇవ్వడం, ఉన్న కేసు లాక్కోవడం కాదు. మూడోది, వేరే వార్డులో మనిషి లేరని మన సిస్టర్‌ను లాగేయడం. తప్పదన్నప్పుడు ఆ రోజు ప్రైమరీ పేషెంట్లు ఎవరూ లేని సిస్టర్‌ను పంపాలి. నాలుగోది, స్టూడెంట్లకు ప్లాన్ రాసే పని ఇవ్వడం. నేర్చుకోవడానికి రాయొచ్చు, అమలయ్యే కాగితం మాత్రం స్టాఫ్ నర్సు రాయాలి. ఇక ఇంటివాళ్లు ఆ ఒక్క సిస్టర్ ఫోన్ నంబరు పట్టుకుని రాత్రీ పగలూ చేయడం ఉంది. వార్డు ల్యాండ్‌లైన్ నంబరే ఇవ్వాలి. సొంత నంబరు ఇచ్చిన సిస్టర్ రెండు నెలల్లో ఈ పద్ధతినే అసహ్యించుకుంటుంది.

ఒక పేషెంటుతోనో ఇంటివాళ్లతోనో ఏమాత్రం పొసగకపోతే ప్రైమరీని మార్చడంలో తప్పు లేదు. మార్చేది హెడ్ నర్సు, కారణం రాసి, పేషెంటుకు చెప్పి. చనిపోబోయే మనిషికి ప్రైమరీగా రెండు మూడు వారాలు ఉన్నామె తర్వాతి పేషెంటు కొద్దిగా తేలికపాటి వాళ్లు కావాలి. మన చార్టుల్లో దీనికి గడి లేదు గానీ హెడ్ నర్సు మనసులో ఉండాలి.

దీనివల్ల ఆసుపత్రిలో ఉండే రోజులు ఇన్ని తగ్గుతాయి, ఖర్చు ఇంత తగ్గుతుంది అని బల్లగుద్ది చెప్పొద్దు. బయట జరిగిన పరిశోధనల ఫలితాలు ఒకే వైపు చూపించవు. ఎక్కడికక్కడ పేరు ఒకటి, నడిచే తీరు ఒకటి కావడం దానికి ఒక కారణం. సూపరింటెండెంట్‌కు అంకెలు కావాలంటే సొంత వార్డులోనివి తీయండి. మొదటి గుంపు ఒక్కదాంతో నాలుగు వారాలు నడిపి, తక్కిన రెండు గుంపులు పాత పద్ధతిలో ఉన్నప్పుడే పోల్చండి. చూడాల్సినవి ఎక్కువ లేవు. పేషెంటును సిస్టర్ పేరు అడగండి, చెప్పగలిగారా లేదా. పది ప్లాన్లు తీసి, రాసింది గడిచిన షిఫ్టులో జరిగిందా అని చూడండి. ఒక్కో పేషెంటు కేస్ షీట్లో ఎంతమంది వేర్వేరు సిస్టర్ల సంతకాలు ఉన్నాయో లెక్కపెట్టండి. వార్డులోకి వచ్చాక కొత్తగా లేచిన పడక పుండ్లు ఎన్నో రాసుకోండి. ఇన్సులిన్ మీద పోయినవాళ్లలో డిశ్చార్జ్ రోజు తప్పు లేకుండా వేసి చూపించినవాళ్లు ఎందరో రాసుకోండి. పుండ్ల లెక్క మొదటి రెండు వారాల్లో పెరిగినట్టు కనిపిస్తుంది, కంగారు పడొద్దు. అంతకుముందు ఎవరూ వీపు చూడలేదు కాబట్టి కనిపించలేదంతే.

మూడు నెలలకో ఆరు నెలలకో వార్డు మారే రొటేషన్ వచ్చినప్పుడు గుంపులో ముగ్గురినీ ఒకేసారి కదపకండి. నెలకొకరి చొప్పున కదిపితే, కొత్తగా వచ్చినామె మొదటి నెల అసోసియేట్‌గానే ఉండి ప్లాన్లు చదువుతుంది, రెండో నెల నుంచి సొంత పేషెంట్లు. వెళ్లే సిస్టర్ తన ప్రైమరీ పేషెంట్లను ఎవరికి అప్పగిస్తుందో ప్లాన్ మీద తేదీతో రాసి, ఇద్దరూ కలిసి మంచం దగ్గరికి పోయి, "రేపట్నుంచి ఈమె చూస్తుందమ్మా" అని చెప్పాలి.